ఓటు – ఒక సాక్ష్యం, ఒక అమానత్

ఎన్నికల ప్రకటన వెలువడితే చాలు, జుమా నమాజు ముగిశాక ఇమాములను, ఆలిములను చుట్టుముట్టే ప్రశ్న ఒకటుంది: "హజ్రత్, ఈసారి ఏ పార్టీకి వేద్దాం?" ఒక పేరు చెప్పేస్తే అడిగినవారికి భారం దిగిపోతుంది. కాని ఈ విషయంలో షరీఅత్ మనకు పేరు ఇవ్వలేదు, కొలమానం ఇచ్చింది. కొలవాల్సిన బాధ్యత ఓటరుదే. పైగా మన దేశపు 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం అభ్యర్థి గానీ, అతని సమ్మతితో మరొకరు గానీ మతం పేరిట ఓట్లడగడం అక్రమం. దైవాగ్రహం పేరు చెప్పి ఓటరును బెదిరించడమూ అంతే. ప్రజలందరి నమాజు కోసం కట్టిన మింబర్‌ను ఒక గుర్తు ప్రచారానికి వాడుకోవడం మనకూ శోభించదు.

అసలు ఓటు అంటే ఏమిటి? మఆరిఫుల్ ఖుర్ఆన్ రచయిత ముఫ్తీ ముహమ్మద్ షఫీ (రహ్మతుల్లాహ్ అలైహ్) దానికి మూడు హోదాలున్నాయని వివరించారు. మొదటిది షహాదత్, అంటే ఈ వ్యక్తి ఈ పనికి అర్హుడని సాక్ష్యమివ్వడం. రెండవది సిఫారసు. మంచి సిఫారసు చేసినవాడికి ఆ మంచిలో, చెడు సిఫారసు చేసినవాడికి ఆ చెడులో వాటా ఉంటుందని అన్నిసా సూరా 85వ ఆయత్ తెలుపుతోంది. మూడవది వకాలత్. మన తరఫునే కాదు, ఊరందరి తరఫున ఒకరిని ప్రతినిధిగా నిలబెడుతున్నాం. సొంత పొలం తగాదాలో వకీలును పెట్టుకునేటప్పుడు ఎంత విచారిస్తామో, ఇక్కడ అంతకంటే ఎక్కువ విచారించాలి.

ఈ మూడింటిలో సాక్ష్యం విషయం చాలా గంభీరమైనది. మహాపాపాలను వివరిస్తూ దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) అబద్ధపు సాక్ష్యం ప్రస్తావన రాగానే, ఆనుకుని ఉన్నవారు నిటారుగా కూర్చుని ఆ మాటను పదే పదే పలికారని బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. అనర్హుడని తెలిసీ అతని గుర్తు పక్కన మీట నొక్కేవారు ఈ హదీసును ఒక్కసారి తలచుకోవాలి. సాక్ష్యాన్ని దాచిపెట్టడం కూడా పాపమేనని అల్బఖరా సూరా 283వ ఆయత్ హెచ్చరిస్తోంది. పోలింగ్ రోజును సెలవు దినంగా భావించి ఇంట్లో పడుకునేవారికి ఇందులో పాఠం ఉంది.

కొందరు యువకులు అసలు ఓటు వేయడమే తగదని వాదిస్తుంటారు. ఇస్లాం రాకకు ముందు మక్కాలో అబ్దుల్లాహ్ బిన్ జుద్ఆన్ ఇంట పీడితులకు అండగా నిలుస్తామని ఖురైష్ పెద్దలు చేసుకున్న హిల్ఫుల్ ఫుజూల్ ఒప్పందంలో ప్రవక్త (స) పాల్గొన్నారు. ప్రవక్త పదవి లభించాక కూడా, అలాంటి దానికి పిలిస్తే ఇప్పటికీ వెళ్తానని చెప్పారు. ఒప్పందంలోని వారందరూ బహుదైవారాధకులే. అయినా అన్యాయాన్ని అడ్డుకునే పనిలో వారితో కలిసి నడవడాన్ని ఆయన తప్పుగా ఎంచలేదు.

ఇక కొలమానం సంగతి. హజ్రత్ మూసా (అలైహిస్సలాం) గురించి ఆ పెద్దాయన కుమార్తె తన తండ్రితో చెప్పిన మాటలో రెండు గుణాలు వచ్చాయి: బలం, నమ్మకం. హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) ఈజిప్టు ధాన్యాగారాల బాధ్యత తీసుకుంటూ తాను కాపాడగలవాడినని, తెలిసినవాడినని అన్నారు. అక్కడా రెండే గుణాలు. హజ్రత్ అబూజర్ (రజి) భక్తిలో ఎవరికీ తీసిపోని సహాబీ. అయినా ఆయన పదవి అడిగినప్పుడు, నీవు బలహీనుడివి, ఇది అమానత్ అని ప్రవక్త (స) నిరాకరించారు. కనుక నమాజు చేసే మంచివాడన్నది ఒక్కటే సరిపోదు. పని చేయించగల సమర్థుడన్నది ఒక్కటీ సరిపోదు.

నమ్మకాన్ని తెలుసుకునే మార్గం ఈ రోజుల్లో కష్టం కాదు. సుప్రీంకోర్టు 2002, 2003 తీర్పుల తర్వాత ప్రతి అభ్యర్థీ తనపై ఉన్న క్రిమినల్ కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు వివరాలతో అఫిడవిట్ దాఖలు చేయాలి. ఎన్నికల సంఘం వెబ్‌సైటులో ఎవరైనా చూడవచ్చు. ఇంట్లో చదువుకున్న పిల్లలుంటే, ఒక సాయంత్రం వారిచేత పోటీదారులందరి అఫిడవిట్లు చదివించుకోండి.

సామర్థ్యాన్ని వాగ్దానాలతో కొలవరాదు. దీనికి మన రిజర్వేషన్ల చరిత్రే ఉదాహరణ. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో, తిరిగి 2005లో ఇచ్చిన 5 శాతం రిజర్వేషన్ హైకోర్టులో నిలవలేదు. వెనుకబాటుతనాన్ని అధ్యయనం చేయించి, కొన్ని ముస్లిం వర్గాలను మాత్రమే బి.సి.–ఇ కింద చేర్చి 2007లో తెచ్చిన 4 శాతం చట్టం కూడా కోర్టుల్లో సవాలును ఎదుర్కొంది. అయినా సుప్రీంకోర్టు 2010 మధ్యంతర ఉత్తర్వుల అండతో కొనసాగింది. 2017లో తెలంగాణ శాసనసభ 12 శాతానికి బిల్లు ఆమోదించింది. అది అమలుకు నోచుకోలేదు. కాబట్టి ఎవరైనా శాతాలు చెబితే, ఎంత అని కాదు, ఎలా అని అడగాలి.

మనిషి మంచివాడు, పార్టీ మంచిది కాదు. అప్పుడేం చేయాలి? ఎక్కువమంది తడబడేది ఇక్కడే. 1985 నుండి అమలులో ఉన్న ఫిరాయింపుల నిరోధక చట్టం వల్ల, పార్టీ విప్ జారీ చేశాక ఎమ్మెల్యే గానీ ఎంపీ గానీ దానికి విరుద్ధంగా ఓటేస్తే సభ్యత్వమే కోల్పోవచ్చు. అంటే చట్టం చేసే చోట అతని సొంత మంచితనం పార్టీ నిర్ణయం ముందు పెద్దగా పనిచేయదు. వక్ఫ్ సవరణ బిల్లుపై 2025 ఏప్రిల్ 3 తెల్లవారుజామున లోక్‌సభలో ఓటింగ్ జరిగి 288–232తో అది గట్టెక్కింది. మీ ఎంపీ, అతని పార్టీ ఎటు నిలిచాయో ఉపన్యాసాలు వినక్కర్లేదు, సభ రికార్డులే చెబుతాయి. కనుక అసెంబ్లీ, పార్లమెంటు ఎన్నికల్లో పార్టీ నడతకే ఎక్కువ తూకం వేయాలని నా అభిప్రాయం. సర్పంచి, వార్డు సభ్యుల ఎన్నికలు మన రెండు రాష్ట్రాల్లోనూ పార్టీ గుర్తులు లేకుండానే జరుగుతాయి. అక్కడ మనిషినే చూడాలి.

అందరూ లోపాలున్నవారే అయితే రెండు కీడుల్లో తక్కువదాన్ని ఎంచుకోవాలన్నది ఫిఖహ్‌లో అందరికీ తెలిసిన సూత్రం. 2013 నుండి నోటా మీట ఉంది. అయితే అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికల్లో నోటాకు ఎన్ని ఓట్లు పడినా, అభ్యర్థుల్లో ఎక్కువ వచ్చినవాడే గెలుస్తాడు. కనుక ఇద్దరి మధ్య స్పష్టమైన తేడా కనిపిస్తుంటే నోటాతో సరిపెట్టుకోవడం కీడును తగ్గించే అవకాశాన్ని వదులుకోవడమే.

"మనవాడు" అన్న మాటతో కూడా జాగ్రత్త. మన బిరాదరీ అనో, మన మేనమామ అనో తప్పులో అతనికి తోడ్పడితే అది అసబియత్. అన్నిసా 135వ ఆయత్ కన్నవారికి, దగ్గరి బంధువులకు వ్యతిరేకంగానైనా న్యాయంగా సాక్ష్యమివ్వమంటోంది. అల్‌మాయిదా 8వ ఆయత్ ఒక జాతిపై ద్వేషం కూడా మనల్ని న్యాయం నుండి తప్పించరాదంటోంది. అర్హుడైన ముస్లిమేతరుడిని కాదని అనర్హుడైన ముస్లిమును నిలబెట్టడానికి ఈ రెండింటిలో దేనిలోనూ చోటు లేదు.

ఇంటి పెద్దలకు ఒక మాట. అమ్మకు, భార్యకు, కోడలికి "ఈ గుర్తుకే వెయ్యి" అని హుకుం జారీ చేయకండి. చెప్పండి, చర్చించండి. ప్రవక్త (స) స్త్రీలతో బైఅత్ నేరుగా వారితోనే తీసుకున్నారు, భర్తల ద్వారా కాదు (ముమ్తహినా: 12). మరొకరి నాలుకతో పలికింది సాక్ష్యం కాదు.

చివరిగా డబ్బు. లంచం ఇచ్చేవాడిని, పుచ్చుకునేవాడిని ఇద్దరినీ ప్రవక్త (స) శపించారు. ప్రాపంచిక లాభం కోసమే నాయకుడికి బైఅత్ చేసి, ఇస్తే నిలబడి ఇవ్వకపోతే తప్పుకునేవాడితో ప్రళయదినాన అల్లాహ్ మాట్లాడడని బుఖారీ హదీసు. "డబ్బు తీసుకుంటాం, ఓటు మాత్రం మాకు నచ్చినవారికే" అనేవారు తెలివిగా తప్పించుకున్నామనుకుంటారు. తీసుకోవడమే హరామ్ అయినప్పుడు అందులో తెలివి ఏముంది? పైగా ఒక మోసం కూడా తోడైంది. తెలియక ఇప్పటికే తీసుకుని ఉంటే తిరిగి ఇచ్చివేయాలి. ఇవ్వడానికి ఏ మార్గమూ లేకపోతే, పుణ్యం ఆశించకుండా పేదలకు ఇచ్చి వదిలించుకోవాలి. ఓటు మాత్రం అర్హుడికే వేయాలి.

కొన్ని చోట్ల ఏజెంట్లు ఖుర్ఆన్ షరీఫ్ మీద చేయి వేయించి ఒట్టు పెట్టిస్తారు. పాపానికి కట్టుబడే ఒట్టు నిలబెట్టుకోనవసరం లేదు. ఒట్టేసిన తర్వాత అంతకంటే మంచిది కనిపిస్తే ఆ మంచిదే చేసి కఫ్ఫారా చెల్లించమని ప్రవక్త (స) ఆదేశించారు. పదిమంది మిస్కీన్లకు రెండు పూటల భోజనం పెట్టాలి, లేదా బట్టలు ఇవ్వాలి. ఆ స్తోమత లేనివారు మూడు రోజులు వరుసగా ఉపవాసముండాలి. హనఫీ మస్లక్ ప్రకారం ఇది ఓటు వేసి ఒట్టు తప్పిన తర్వాతే చేయాలి, ముందుగా చెల్లిస్తే చెల్లదు.