ఒంటరివానికి అప్పము పెట్టిన దేవుడు

పఠనీయ భాగము: 1 రాజులు 19:1–21
సహాయ వాక్యములు: కీర్తన 27:10; యెషయా 49:15; 66:13; హోషేయ 11:1–4

ఒంటరితనము మనుష్యులు లేని చోటనే కలుగునది కాదు. బిడ్డలు దూరదేశములకు వెళ్లిన ఇంటిలోని వృద్ధులకును, క్రొత్తగా వసతిగృహమున చేరిన బాలికకును, జనముతో నిండిన ఆలయములో కూర్చున్న విధవరాలికిని అది కలుగును. దేవుడు తండ్రియని అట్టివారితో చెప్పుట సులభము. ఆ తండ్రి ప్రేమ వారియొద్దకు ఏ రీతిగా వచ్చునో గ్రహించుట అంతకంటె అవసరము. ఏలీయా చరిత్ర ఇందుకు తగిన పాఠము.

1. దేవుడు మొదట ఆకలి తీర్చెను

కర్మెలు పర్వతముమీద ఏలీయా ప్రార్థింపగా అగ్ని దిగెను. అట్టి ప్రవక్త యెజెబెలు బెదిరింపు విని ప్రాణభయముతో పారిపోయెను. బెయేర్షెబాలో తన దాసుని విడిచి, తానొక్కడే ఒక దినప్రయాణము అరణ్యములోనికి పోయి, బదరీవృక్షము క్రింద కూర్చుండి మరణమును కోరుకొనెను. దుఃఖములో నున్నవాడు తనకున్న ఒక్క తోడును కూడ దూరము చేసికొనుట నేటికిని జరుగుచున్నది.

దేవుడు అతనిని నిందింపలేదు. దూత అతని తట్టి లేపెను. నిప్పులమీద కాల్చిన అప్పమును నీళ్లబుడ్డియు అతని తలదగ్గర నుండెను. అతడు తిని త్రాగి మరల పండుకొనెను. దూత రెండవమారు లేపి, ప్రయాణము అతని శక్తికి మించినది గనుక భుజించుమనెను. అలసి ఏడ్చు బిడ్డకు తల్లి ఉపదేశము చేయదు. ముందుగా అన్నము పెట్టి నిద్రపుచ్చును. ఈ అధ్యాయములో దేవుడు తండ్రియని పిలువబడలేదు. అయినను తలిదండ్రులు చేయు పని ఇందులో స్పష్టముగా కనబడుచున్నది. ఎఫ్రాయిమునకు నడక నేర్పి, ఆహారము పెట్టినవాడుగా హోషేయ చూపిన దేవుడు ఈయనయే.

2. దేవుడు వినెను, తరువాత సరిదిద్దెను

ఆ ఆహారపు బలముచేత ఏలీయా 40 రాత్రింబగళ్లు నడిచి హోరేబు చేరెను. అక్కడ ఎందుకున్నాడని దేవుడు రెండుమార్లు అడిగెను. తానొక్కడే మిగిలియున్నానని అతడు రెండుమార్లును ఒకే మాట చెప్పెను. దేవుడు విసుగక వినెను. ఆయన గాలిలోను, భూకంపములోను, అగ్నిలోను కాక, నిమ్మళమైన స్వరముతో అతని సమీపించెను.

అటుపిమ్మట బయలుకు మోకాళ్లూనని 7,000 మంది ఇశ్రాయేలులో కలరని తెలియజేసెను. ఓబద్యా 100 మంది ప్రవక్తలను దాచెనని ఏలీయా అంతకుముందే వినియుండెను (1 రాజులు 18:13). అయినను దుఃఖము అతనిని ఆ లెక్క మరపించెను. ప్రేమగల తండ్రి బిడ్డ పొరపాటును దిద్దును. కాని కన్నీరు తుడిచిన తరువాత దిద్దును.

3. దేవుడు తోడును పనిని ఇచ్చెను

యెజెబెలు బెదిరింపు తొలగిపోలేదు. అయితే దేవుడు ఏలీయాను ఎలీషాయొద్దకు పంపెను. దున్నుచున్న ఆ యౌవనుడు అతని వెంబడించి ఉపచారము చేసెను. ఏలీయా పరమునకు ఎత్తబడిన దినమున ఎలీషా అతనిని తండ్రీ అని పిలిచి మొఱ్ఱపెట్టెను (2 రాజులు 2:12). తనకెవరును లేరని ఏడ్చినవాడు మరియొకనికి తండ్రి ఆయెను.

భారతదేశ సంఘచరిత్రలో పండిత రమాబాయి జీవితము ఇట్టిదే. 1858లో జన్మించిన ఆమె యౌవనమునందే కరవుకాలమున తలిదండ్రులను, 1880లో సహోదరుని, 1882లో భర్తను పోగొట్టుకొనెను. చంటిబిడ్డ మనోరమ మిగిలెను. 1883లో ఆమె ఇంగ్లాండులో బాప్తిస్మము పొందెను. 1889లో బొంబాయిలో శారదా సదనమును స్థాపించెను. తరువాత కేడగావ్‌లోని ముక్తి ఆశ్రమమున అనేకమంది విధవరాండ్రకును అనాథ బాలికలకును తల్లియాయెను. 1921లో మనోరమయు మరణించెను. మరుసటి సంవత్సరమే రమాబాయి కన్నుమూసెను. దేవుని ఆదరణ ఆమెను దుఃఖమునుండి తప్పింపలేదు. దుఃఖమును ఇతరులకు ఆశ్రయముగా మార్చెను.

అన్వయము

తలిదండ్రులు విడిచినను యెహోవా చేరదీయునని దావీదు నమ్మెను. తల్లి తన చంటిపిల్లను మరచినను తాను మరువనని దేవుడు సీయోనుకు మాట ఇచ్చెను. ఈ వాగ్దానములను నమ్ము విశ్వాసి, పోయినవారు తిరిగి రాకున్నను, తాను విడువబడినవాడు కాడని ఎరుగును. ఆకలిగొన్నప్పుడు భుజించుటయు, అలసినప్పుడు నిద్రించుటయు, పలుకరించువారికి తలుపు తీయుటయు అవిశ్వాసము కాదు. అవి తండ్రి చేతి ఈవులను అందుకొనుటయే. ఏలీయాకు అప్పము దూత తెచ్చెను. నేటి ఒంటరివానికి అది పొరుగింటి విశ్వాసి చేతిద్వారా చేరవలసియున్నది.

ధ్యానించుటకు ప్రశ్నలు

1. ఏలీయాతో మాటలాడుటకు ముందు దేవుడు అతనికి ఏమేమి చేసెను? ఆ క్రమము ఏమి బోధించుచున్నది?
2. దుఃఖములో నున్నవాడు ఏ లెక్కలను మరచుచున్నాడు?
3. ఈ వారము సంఘములో ఎవరి ఇంటికి అప్పము చేరవలెను?