మ్రింగని నోరు

చదువుడి: మత్తయి 17:24-27, యాకోబు 3:2-10

ప్రియులారా, హిందూపురం, పెనుకొండ, ధర్మవరము ప్రాంతములలో అమ్ముచుండు జిలేబీ చేపను మీరెరుగుదురు గదా. దాని అసలు పేరు తిలాపియా. ఆఫ్రికా నీళ్లలో పుట్టిన ఈ జాతిని 1952లో మన దేశమునకు తెచ్చిరి. అది బిడ్డలను పెంచు విధము మనకొక పాఠము.

మగచేప చెరువు అడుగున మట్టి తొలిచి పళ్లెము వంటి గుంట చేయును. ఆడుచేప అందులో గ్రుడ్లు పెట్టి, వెంటనే వాటిని తన నోటిలోనికి తీసికొనును. అవి వందల కొలదిగా నుండును. వాటిని నోటిలో మాటిమాటికి పొర్లించుచు, వాటిమీదుగా నీరు పారించుచుండును. లేనియెడల గ్రుడ్లకు గాలి చాలదు, బూజు పట్టును. మూడు నుండి అయిదు దినములలో పిల్లలు వెలువడును. వాటి పొట్టక్రింద నుండు పచ్చసొన సంచియే వాటి తొలి ఆహారము. అది తరిగి, చక్కగా ఈదుట వచ్చువరకు, సుమారు రెండు వారములు అవి తల్లినోటనే యుండును. ఆ దినములలో తల్లి దాదాపు ఉపవాసముండును. మ్రింగుటకు కలిగిన నోరే కాపాడు నోరాయెను!

మరియొక సంగతి గమనింపుడి. బయటికి విడువబడిన పిల్లలు, ఆపద తోచినప్పుడు, కొన్ని దినములవరకు మరల తల్లి నోటిలోనికే పరుగిడును.

గలిలయ సముద్రములో దీని బంధువొకటి కలదు. దానిని పేతురు చేప యందురు. అందులో తల్లియే గాక తండ్రియు గ్రుడ్లను నోట మోయును. పేతురుకు షెకెలు దొరికిన చేప ఇదియే యని వాక్యము చెప్పలేదు. అయినను, ఆ సముద్రమున వల వేసి బ్రదికిన పేతురు ఈ చేపను ఎరుగకుండునా?

తండ్రులారా, మీతో ఒక మాట. మన బాలుడొకడు పదవ తరగతి తప్పి, ఇల్లు చేర జడిసి, రెండు రాత్రులు రైలు స్టేషనులో పండుకొనెను. ఎందుకు పోలేదని నేనడుగగా, "మా నాయన నోటికి భయపడి, అయ్యగారూ" అనెను. ఆ మాట నన్నును గ్రుచ్చెను. నా నోరు ఎట్టిదో నా పిల్లలకును తెలియును.

ఒకే నోట దీవెనయు శాపమును వచ్చుట తగదని యాకోబు హెచ్చరించుచున్నాడు. ఆ చేప బిడ్డలకొరకు తన ఆకలిని ఆపుకొనెను. మనము మన కోపమును ఆపుకొనలేమా? పరీక్ష తప్పిన దినమున బిడ్డకు మొదట కావలసినది అన్నము, ఆశ్రయము. బుద్ధి చెప్పుటకు మరునాడున్నది.

ఇంట ఆలోచించుటకు: ఆపదలో నా బిడ్డ నాయొద్దకు పరుగెత్తునా, నానుండి పారిపోవునా?

ప్రభువు మన నోళ్లకు కావలి యుంచును గాక. ఆమేన్.