విత్తనము మోసగించినప్పుడు రైతు చేయవలసిన పనులు



కొన్ని సంవత్సరముల క్రిందట ముండ్లమూరు మండలములోని ఒక గ్రామమునకు పొలములు చూచుటకై వెళ్ళితిని. అచ్చట ఇరుగుపొరుగు రైతులిద్దరు ఒకే దుకాణమునుండి కంది విత్తనము తెచ్చి, ఒకే పదునున విత్తిరి. ఇద్దరి చేలలోను మొలక మిక్కిలి పలుచగా వచ్చినది. మొదటి రైతు చేనిని కదపక, మరునాడే అర్జీ వ్రాసి ఇచ్చెను. రసీదును, సంచిని, సంచికి కుట్టిన చీటీని, అడుగున మిగిలిన గింజలను దాచియుంచెను. రెండవ రైతు అదను దాటిపోవునను భయముతో చేనినంతయు దున్ని, వేరొక విత్తనము వేసెను. అప్పుగా తెచ్చిన సరుకు గనుక రసీదు లేదు. ఖాళీ సంచి ఎచ్చట పోయెనో తెలియదు.

నేను వెళ్ళునప్పటికి ఇరువది దినములు గడచినవి. రెండవ రైతు నన్ను తన చేని గట్టుమీద నిలిపి, "సారూ, మీరు చదువుకున్నోళ్ళు. ఆ గింజలు చెడ్డయ్యని ఒక్క ముక్క రాసియ్యండి" అని అడిగెను. నేను వ్రాయలేకపోతిని. అతని నష్టము నిజమే. అతడు అబద్ధమాడుట లేదని నాకు తెలియును. కాని నా కన్నుల యెదుట ఉన్నది క్రొత్తగా మొలచిన వేరొక పైరు. చూడని దానికి సాక్ష్యము వ్రాయుట ఎట్లు? మొదటి రైతు దాచిన గింజలు పరీక్షలో తప్పినవి. అతనికి పరిహారము ముట్టినది. రెండవ రైతుకు ఏమియు రాలేదు. ఇద్దరి నడుమ తేడా కేవలము ఒక సంచి, ఒక కాగితము, కొలది గింజలు. ఈ వ్యాసము ఆ రెండవ రైతును తలచుకొని వ్రాయుచున్నాను.

చట్టమేమి చెప్పుచున్నది?

మన దేశములో విత్తన చట్టము 1966లో వచ్చినది. దాని క్రింద 1968లో నియమములు వచ్చినవి. 1983లో నిత్యావసర వస్తువుల చట్టము క్రింద విత్తన నియంత్రణ ఉత్తర్వు వచ్చినది. 1983 ఉత్తర్వు ప్రకారము విత్తనములమ్మువాడు లైసెన్సు పొందియుండవలెను. కొన్న ప్రతివానికి రసీదు ఇయ్యవలెను. నగదుకు కొన్నను, అప్పుగా కొన్నను రసీదు ఇచ్చి తీరవలెను. "అప్పు సరుకుకు బిల్లు ఉండదు" అను మాట చట్టములో లేదు.

అయితే విత్తన చట్టము తప్పు చేసినవానిని శిక్షించునే గాని, నష్టపోయిన రైతుకు పరిహారమిప్పించదు. 1966లో ఆ చట్టములో మొదటి తప్పునకు నిర్ణయించిన జరిమానా రూ. 500 మించదు. అది పోయిన పంటను తిరిగి తెచ్చునది కాదు. పరిహారము కావలెనన్న మనము వినియోగదారుల రక్షణ చట్టమును ఆశ్రయింపవలెను. అది మొదట 1986లో వచ్చినది. దాని స్థానమున 2019లో చేసిన క్రొత్త చట్టము 2020 జూలై 20 నుండి అమలులోనికి వచ్చినది.

మన రైతులు గెలిచిన కేసు

రైతు కూడ వినియోగదారుడేనా? ఈ ప్రశ్న సుప్రీం కోర్టు వరకు వెళ్ళినది. తీసికొనిపోయిన కేసు మన తెలుగు రైతులదే. ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్‌లోని పలు జిల్లాల రైతులు నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ నుండి విత్తనములు కొని వేసి నష్టపోయి, కర్నూలు, మహబూబ్‌నగర్, గుంటూరు మొదలగు జిల్లా ఫోరములలో ఫిర్యాదు చేసిరి. ఫోరములు పరిహారమిప్పించినవి. కార్పొరేషన్ వారు పై కోర్టులకు వెళ్ళిరి. విత్తనములకు వేరే చట్టమున్నది గనుక ఫోరములకు అధికారము లేదనియు, పంట అమ్ముకొనువాడు వ్యాపారముకొరకు కొన్నట్లే గనుక వినియోగదారుడు కాడనియు, విత్తనమును పరీక్షకు పంపలేదనియు వాదించిరి.

2012 జనవరి 16న సుప్రీం కోర్టు ఈ వాదములనన్నిటిని త్రోసివేసినది. విత్తన చట్టములో పరిహారపు మాట లేదు గనుక రైతు వినియోగదారుల ఫోరమునకు పోవచ్చునని చెప్పినది. విత్తనము చెడ్డదగునేమో అని ముందే అనుమానించి, ప్రతి రైతు కొంత గింజ పరీక్షకై ప్రక్కన పెట్టునని ఆశించుట న్యాయము కాదన్నది. 1998లో మహారాష్ట్ర హైబ్రిడ్ సీడ్స్ కంపెనీ కేసులోను ఈ కోర్టు ఇట్లే చెప్పియున్నది. రైతు గింజలన్నియు విత్తివేసినప్పుడు, అదే లాటు గింజలను పరీక్షకు పంపుమని కంపెనీయే కోరవచ్చునన్నది.

ఈ తీర్పులు విని నిశ్చింతగా ఉండవలదు. 2005లో హర్యానా సీడ్స్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ కేసులో రైతులు ఓడిరి. చేనిలో పైరు ఎగుడుదిగుడుగా ఉన్నంత మాత్రమున విత్తనమే కారణమని చెప్పజాలమని కోర్టు అభిప్రాయము. 2012 కేసులో రైతులకు బలమిచ్చినవి చేలను చూచిన వ్యవసాయ నిపుణుల నివేదికలు. కాబట్టి చట్టము మన వైపున్నను, ఋజువు మన చేతిలో నుండవలెను.

కొనునప్పుడు

1. లైసెన్సు ఉన్న దుకాణముననే కొనుడు. రసీదుమీద మీ పేరు, ఊరు, పంట, రకము, కంపెనీ పేరు, లాటు నంబరు, తూకము, ధర, తేదీ ఉన్నవో లేవో అచ్చటనే చదువుకొనుడు. లాటు నంబరు లేని రసీదు సగము రసీదు.

2. సంచి చీటీ చూడుడు. ధ్రువీకరించిన విత్తనమునకు నీలిరంగు చీటీ, ఫౌండేషన్ విత్తనమునకు తెల్ల చీటీ ఉండును. ప్రైవేటు కంపెనీల హైబ్రిడ్ రకములు తరచుగా కంపెనీ తానే హామీ ఇచ్చు లేతాకుపచ్చ చీటీతో వచ్చును. చీటీమీద పరీక్ష జరిగిన తేదీ, గడువు చూడుడు. ధ్రువీకరించిన విత్తనమునకు మొదటి గడువు పరీక్ష తేదీ నుండి 9 నెలలు.

3. మొలక శాతము చూడుడు. ధ్రువీకరణ ప్రమాణముల ప్రకారము నూటికి వరి 80, శనగ 85, కంది 75, మిరప 60 గింజలకు తక్కువ కాకుండ మొలవవలెను. ఎల్.ఆర్.జి. 41 కందియైనను, మరి ఏ రకమైనను లెక్క ఇదియే.

4. విడి గింజ కొనవలదు. దుకాణదారు తెలిసినవాడైనను, చుట్టమైనను ఇదే మాట. మాటమీద నమ్మకముండవచ్చును, రసీదు వలన ఆ నమ్మకమునకు లోటు రాదు.

విత్తుటకు ముందు

సంచిని పైన చీల్చక, చీటీ చెడకుండ క్రింది వైపున విప్పుడు. గుప్పెడు గింజలు తీసి చిన్న గుడ్డసంచిలో మూటకట్టి, లాటు నంబరు వ్రాసిన కాగితముతో కలిపి పొడి తావున ఉంచుడు. మిరప వంటి చిన్న పొట్లములైనచో ఒక పొట్లమును విప్పక ఉంచగలిగిన మంచిది. దాచనక్కరలేదని కోర్టు చెప్పినది నిజమే. అయినను దాచినవాని పని సులువగును.

వీలైనచో నూరు గింజలు లెక్కించి తడి గోనెపట్టలో పరచి, చుట్టి, నీడలో ఉంచి, తడి ఆరకుండ చూడుడు. కందికి ఆరు దినములు, శనగకు ఎనిమిది, వరికి, మిరపకు పదునాలుగు దినములు చూచి లెక్కింపుడు. తక్కువ మొలిచినచో చేనిలో వేయకముందే సంచి తిరిగి ఇయ్యవచ్చును. అన్నిటికంటె చౌక న్యాయము ఇదియే. మందు పట్టించిన గింజలు ముట్టిన పిమ్మట చేతులు కడుగుకొనుడు. అవి పిల్లలకు, కోళ్ళకు అందకుండ చూడుడు.

తప్పు విత్తనముదేనా?

అర్జీ వ్రాయుటకు ముందు మనలను మనము ప్రశ్నించుకొనవలెను. మెట్ట చేలలో పదును చాలక మొలక రాకపోవచ్చును. గింజ లోతుగా పడినను, విత్తిన పిదప వాన కొట్టి పైన అట్ట కట్టినను మొలక తగ్గును. ప్రక్క చేనిలో వేరొక లాటు గింజ అదే దినమున వేసియుండి చక్కగా మొలచినచో, అనుమానము విత్తనము మీదికి పోవును. రెండును చెడినచో నేలను, వానను పరిశీలింపవలెను.

పెరిగిన పైరులోను ఇట్లే. కంది పూత పూయక గుబురుగా ఆకుతో నిలిచినచో అది వెర్రితెగులు కావచ్చును. మిరపలో ఆకు ముడత తామరపురుగు వలన గాని, వైరసు వలన గాని రావచ్చును. వీనికి విత్తనము అమ్మినవానిని తప్పుపట్టినచో కేసు నిలువదు. కాని చేనిలో ఎత్తు, ఆకు, పూత రంగు, కాయ వేరుగానున్న కేళీలు అంతటను చెదరి కనిపించినచో అది విత్తన శుద్ధి లోపము. ఐదు తావుల నూరేసి మొక్కలు లెక్కించి, కేళీలెన్ని ఉన్నవో తేదీతో వ్రాసియుంచుడు.

లోపము కనిపించిన వెంటనే

మొదటి పని అర్జీ. మండల వ్యవసాయాధికారి విత్తన తనిఖీ అధికారి కూడ. 1968 నియమములలోని 23-ఎ ప్రకారము, విత్తనము మంచిది కానందున పంట పోయినదని రైతు వ్రాతమూలముగా ఫిర్యాదు చేసినచో, తనిఖీ అధికారి చీటీలను, సంచులను, మిగిలిన గింజలను తీసికొని, ఆ లాటు నమూనాను ప్రయోగశాలకు పంపి, పంట పోయిన కారణము విచారింపవలెను. నోటితో చెప్పిన దానికి ఈ నియమము వర్తించదు. అర్జీ రెండు ప్రతులు వ్రాసి, రెండవదానిమీద ముద్ర, తేదీ వేయించుకొనుడు. చీటీని, సంచిని అప్పగించునప్పుడు ఫోటో తీసికొని, అందినట్లు వ్రాయించుకొనుడు. రైతు సేవా కేంద్రములోని గ్రామ వ్యవసాయ సహాయకుని చేనికి పిలువుడు. దర్శి కృషి విజ్ఞాన కేంద్రమునకును తెలుపవచ్చును.

రెండవ పని చేనిని నిలుపుట. అదను పోవుచున్నప్పుడు ఎన్నాళ్ళు నిలుపగలమని మీరడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. అధికారి చూచి పంచనామా వ్రాసిన పిమ్మట దున్నుకొనుడు. అప్పటికిని చేని నడుమ, అంచుల కొన్ని సాళ్ళు విడువుడు. పరీక్షకు వచ్చువారికి ఆ సాళ్ళే సాక్షులు. అధికారి రాకలో జాగు జరిగినచో, గ్రామ పెద్దలిద్దరి సమక్షమున ఫోటోలు తీసి, వారి సంతకములతో కాగితము వ్రాసియుంచుడు. అధికారి చూపునకు అది సాటిరాదు. ఏమియు లేకపోవుటకంటె మేలు.

వినియోగదారుల కమిషను

అమ్మినవానికి, కంపెనీకి రిజిస్టరు పోస్టులో నోటీసు పంపుడు. సమాధానము రానిచో జిల్లా వినియోగదారుల కమిషనులో ఫిర్యాదు చేయుడు. ముండ్లమూరు, దర్శి రైతులకు అది ఒంగోలులో నున్నది. కంపెనీ ఎంత దూరమున ఉన్నను, మీరు నివసించు జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చునని 2019 చట్టము చెప్పుచున్నది. కొన్న సరుకు విలువ 5 లక్షల రూపాయలకు మించనిచో ఫీజు లేదు. వకీలును పెట్టుకొనక మీరే వాదించుకొనవచ్చును. నష్టము కలిగిన రెండు సంవత్సరములలోగా ఫిర్యాదు చేరవలెను. సలహాకు 1915 నంబరునకు ఫోను చేయవచ్చును. స్త్రీలకు, షెడ్యూల్డు కులముల, తెగల వారికి, తక్కువ ఆదాయము గలవారికి న్యాయ సేవల సంస్థ ఉచితముగా వకీలునిచ్చును. దాని నంబరు 15100.

నష్టపు లెక్క పొంకముగా ఉండవలెను. ఉదాహరణకు చుట్టుప్రక్కల చేలలో ఎకరమునకు 6 క్వింటాళ్ళు పండి, మీకు 2 క్వింటాళ్ళే పండినచో లోటు 4 క్వింటాళ్ళు. క్వింటాలు రూ. 7,000 అనుకొన్నచో రూ. 28,000. కోత, నూర్పిడిలో మిగిలిన ఖర్చు రూ. 3,000 తీసివేసిన రూ. 25,000. మూడు ఎకరములకు రూ. 75,000. పొరుగువారి అమ్మకపు చీటీలు దీనికి ఆధారము. అధికముగా అడిగినచో నిజమైన నష్టము కూడ అనుమానములో పడును.

కౌలు రైతులకు ఒక మాట

రసీదు భూస్వామి పేరున కాక, సేద్యము చేయు మీ పేరున తీసికొనుడు. ఇ-పంట నమోదులోను మీ పేరు, పంట, సర్వే నంబరు సరిగా ఎక్కినవో లేదో చూచుకొనుడు. నష్టపోయినది మీరైనప్పుడు కాగితములలో మరొకరి పేరుండుట వలన చిక్కు వచ్చును.

విత్తన చట్టమునకు బదులు క్రొత్తది తెచ్చుటకు 2025లో ముసాయిదా ప్రకటించిరి. కనుక అర్జీ ఇచ్చునాడు అమలులోనున్న నియమమును మండల వ్యవసాయాధికారిని అడిగి తెలిసికొనుడు. చట్టము మారినను రసీదు, చీటీ, గుప్పెడు గింజలు అవసరము కాకపోవు.

ఈ ఏడు విత్తనము తెచ్చిన దినమున ఇంటి దూలమునకు ఒక గుడ్డసంచి వ్రేలాడదీయుడు. అందులో రసీదు, చీటీ, గింజలు వేయుడు. పంట బాగుగా వచ్చినచో కోతల నాడు దానిని పారవేయవచ్చును. రాకపోయినచో, మీ చేను చూచుటకు వచ్చినవానికి వ్రాయుటకు ఏదో ఒకటి మిగిలియుండును.