ప్రత్యుత్పన్నమతి

క్రీడాకారునికి దేహబలమూ అభ్యాసబలమూ ఉంటే చాలునని సామాన్యంగా తలుస్తారు. ఆ రెండూ సమానంగా గల ప్రత్యర్థులు తలపడినప్పుడు మాత్రం మూడవ బలం ఒకటి అక్కరకు వస్తుంది. అది ఎదురైన చిక్కును గుర్తించి, అక్కడికక్కడే విప్పగల బుద్ధిబలం. పంచతంత్రంలోని మూడు చేపల కథలో, ఆపద మీదపడ్డాక చచ్చినట్లు నటించి బయటపడిన చేప పేరు ప్రత్యుత్పన్నమతి. ఈ బలానికి అంతకన్న తగిన పేరు లేదు.

2001 మార్చిలో కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్‌లో భారత క్రికెట్ జట్టు స్థితి వలలోని చేప వంటిదే. వరుసగా 16 టెస్టులు గెలిచి వచ్చిన ఆస్ట్రేలియా 445 పరుగులు చేయగా, భారత్ 171 పరుగులకే కూలి, ఫాలో ఆన్ ఆడవలసి వచ్చింది. అప్పుడు జట్టు చేసిన మార్పు చిన్నది. ఆరవ స్థానంలో వచ్చి 59 పరుగులు చేసిన హైదరాబాద్ ఆటగాడు వి.వి.ఎస్. లక్ష్మణ్‌ను మూడవ స్థానానికి పంపి, రాహుల్ ద్రావిడ్‌ను ఆరవ స్థానానికి దించారు.

అసలు చిక్కు షేన్ వార్న్. బౌలర్ల కాలిగుర్తులతో గరుకుదేలిన చోట, లెగ్ స్టంప్ వెలుపల ఆయన బంతి వేస్తే అది ఎంత తిరుగుతుందో ఊహించడం కష్టం. అక్కడ పడిన బంతికి ఎల్బీడబ్ల్యూ లేదు కనుక ప్యాడ్‌తో అడ్డుకోవడం క్షేమమే. కాని దానివల్ల పరుగులు రావు, బౌలర్‌కు భయమూ కలుగదు. లక్ష్మణ్ ఈ సులభమార్గాన్ని నమ్ముకోలేదు. ముందుకు కదిలి, బంతి నేలను తాకి తిరగకముందే దానిని అందుకొని కవర్స్ వైపు కొట్టారు. అలాంటి బంతినే మరొకసారి స్పిన్‌కు ఎదురుగా మిడ్‌వికెట్ వైపు మళ్ళించారు. ఒకే ప్రశ్నకు రెండు సమాధానాలు దొరకగా, ఫీల్డర్లను ఎక్కడ నిలపాలన్నది ప్రత్యర్థికి సమస్య అయింది. ఆ ఇన్నింగ్స్‌లో వార్న్ 152 పరుగులిచ్చి పొందినది ఒక్క వికెట్.

నాలుగవ రోజంతా వికెట్ పడలేదు. ఆస్ట్రేలియా తొమ్మిదిమంది చేత బౌలింగ్ చేయించింది. లక్ష్మణ్ 281, ద్రావిడ్ 180 పరుగులు చేశారు. వారి భాగస్వామ్యం 376. భారత్ ఏడు వికెట్లకు 657 వద్ద డిక్లేర్ చేసింది.

చివరిరోజు హర్భజన్ సింగ్ ఆరు వికెట్లు తీశారు. బ్యాట్స్‌మన్‌గానే లోకమెరిగిన టెండూల్కర్ చేతికి కూడా బంతినివ్వడం ఆనాటి మరొక ఉపాయం. ఆస్ట్రేలియా 212 పరుగులకు ముగిసి, భారత్ 171 పరుగుల తేడాతో గెలిచింది. టెండూల్కర్‌కు చిక్కినవారు ముగ్గురు. వారిలో వార్న్ ఒకరు.