గాజుపోగుల కేబులు: రైతులు తెలిసికొనదగిన సంగతులు

మన రాష్ట్రమున పలుచోట్ల విద్యుత్ స్తంభముల వెంబడి నల్లని సన్నని కేబులు సాగుచుండును. ఇది దీపములకు కరెంటు తెచ్చునది కాదు, వార్తలను మోయునది. సంఘముల లెక్కలు, బ్యాంకు చెల్లింపులు, మార్కెట్టు ధరలు నేడు గాజుపోగుల మీదుగానే నడచుచున్నందున, దీని స్వభావమును సభ్యులెల్లరు నెఱుంగుట యవసరము.

పనిచేయు విధము

చెఱువులో మునిగి కన్నులు తెఱచి నీటి పైభాగమును ఏటవాలుగా చూచినచో నది యద్దమువలె కనబడును. మిక్కిలి వాలుగా వచ్చిన వెలుతురు గాలిలోనికి పోజాలక నీటిలోనికే మరలుటయే యిందులకు కారణము. గాజుపోగునందును ఇదియే జరుగును. నడుమ నొక విధమగు గాజు, చుట్టును వేఱొక విధమగు గాజు ఉండును. నడిమి గాజున ప్రవేశించిన వెలుతురు అంచు దాటలేక లోలోపలనే సాగును. రెండును కలిసి మిల్లీమీటరులో ఎనిమిదవవంతు మందమే. సెకనునకు కోట్లకొలది మారులు వెలుతురును మార్చుచు సంకేతముల నంపుదురు. గాజులో వెలుతురు సెకనునకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోవును.

గాజులోని మలినములను తొలగించినచో దూరవార్తలకు పోగులు పనికివచ్చునని 1966లో చార్లెస్ కావో చూపెను. ఇందులకై 2009లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. 1970లో అమెరికాలోని కార్నింగ్ సంస్థ చేసిన పోగునందు ఒక కిలోమీటరునకు నూటి కొకవంతునకు మించి వెలుతురు మిగిలెను. నేటి మేలైన పోగులో 15 కిలోమీటర్లు పోయినను సగము మిగులును.

ఉపయోగములు

వైద్యులు పోగులద్వారా కడుపులోనికి వెలుతురు పంపి పరీక్షింతురు. గాజు విద్యుత్తును ప్రవహింపనీయదు గనుక విద్యుత్ కేంద్రములందును నిది యనుకూలము. నూనె బావులలోని వేడిని కొలుచుటకును వాడుదురు. రైలు పట్టాల వెంబడియు నివి కలవు.

మన రాష్ట్రమున ఫైబర్‌నెట్ పథకమును 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిరి. భూమిని త్రవ్వక స్తంభములపై కేబులు వేయుటచే వ్యయమును, కాలమును కలిసివచ్చును. అయితే తుపానున స్తంభము కూలినచో కేబులును తెగును. 2022లో కేంద్ర ప్రభుత్వము 63,000 ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములకు కంప్యూటర్ల యేర్పాటునకై 2,516 కోట్ల రూపాయల పథకము నంగీకరించెను.

జాగ్రత్తలు

1. ఈ కేబులులోని వార్తాపోగులు రాగి కావు. రాగి కొఱకు దీనిని కోసినవారికి ఫలము లేదు; ఊరికి మాత్రము నష్టము.

2. తెగి పడిన కేబులును ముట్టరాదు. అదే స్తంభముపై విద్యుత్ తీగ లుండును. వెంటనే అధికారులకు తెలుపవలెను.

3. విఱిగిన గాజుపోగు ముల్లువలె చర్మమున గ్రుచ్చుకొనును. కొనలోనికి చూడరాదు, అందలి కాంతి కంటికి కనబడకయే హాని చేయవచ్చును.

4. గట్లపై పూడ్చిన కేబులు గుర్తులున్నచోట విచారింపక త్రవ్వరాదు. స్తంభముల చేరువను గడ్డి కాల్చరాదు.

5. ఎరువుల ఋతువున కేబులు తెగినచో కంప్యూటరు లెక్క నిలిచిపోవచ్చును. కావున ప్రతి సభ్యుడును చెల్లింపునకు కాగితపు రసీదు తీసికొని, పాసుపుస్తకమున వ్రాయించుకొనవలెను.

కొల్లేటి చేపల రైతుకును, తాడేపల్లిగూడెమునకు సరకు తోలు రైతుకును దూరపు ధర నిమిషములో తెలియవచ్చును. కాని ధర తెలియుట వేఱు, ధర పొందుట వేఱు. ఒంటరిగా అమ్మువాడు ధర తెలిసియు తగ్గించుకొనును. పదుగురు కూడి అమ్మినపుడే బేరమునకు బలము కలుగును. వార్త తెచ్చుట కేబులు పని. కలిసి నిలుచుట సభ్యుల పని.