కుక్కపిల్లల యాహారమున కాల్షియము

ఎముకలు గట్టిపడుటకు కాల్షియము, భాస్వరము అను ఖనిజములు కావలయునని ఆరోగ్యశాస్త్రమున చదువుకొనియున్నాము. కుక్కపిల్లకును అంతియే. అయితే ఈ రెండును తగిన పాళ్లలో నుండవలెను. భాస్వరము ఒక పాలున్నచో, కాల్షియము ఒక పాలికి తగ్గక, రెండు పాళ్లకు మించక యుండుట క్షేమము.

ఉత్త మాంసములో భాస్వరము మెండు, కాల్షియము మిక్కిలి తక్కువ. కేవలము మాంసముతో పెరుగు పిల్ల, రక్తమునకు వలసిన కాల్షియమును తన యెముకలనుండియే తీసికొనును. అవి పలుచబడి, చిన్న గంతుకే విరుగును. ప్రేమతో మాంసమే పెట్టినవారి కిది నమ్మశక్యముగా తోచదు.

ఇది విని కొందరు కాల్షియపు మాత్రలను విరివిగా వేయుదురు. అదియు కీడే, పెద్దజాతి పిల్లల విషయమున మరింత కీడు. ఎదిగిన కుక్క ప్రేగులు అధికమైన కాల్షియమును చాలవరకు గ్రహింపక విడిచివేయును. ఆరు మాసములు నిండని పిల్లకు ఆ శక్తి చాలదు. అట్లు చేరిన కాల్షియము ఎముకల పెరుగుదలను చెరచునని, హాలెండు దేశమున గ్రేట్ డేన్ పిల్లలపై జరిపి 1985లో ప్రకటించిన పరిశోధన తెలిపినది.

మరి యెంత యుండవలెను? అమెరికా ప్రమాణముల ననుసరించి, పెరుగు పిల్లల మేతలో, తేమ తీసివేయగా మిగిలిన 100 పాళ్లకు కాల్షియము 1.2 పాళ్లకు తగ్గరాదు. పెరిగి 70 పౌనులు, అంతకు మించి తూగు జాతులకు 1.8, తక్కినవానికి 2.5 పాళ్లు మించరాదు. ఎంత యిరుకైన హద్దులో చూడుడు! సంపూర్ణాహారమని యమ్మెడి పిల్లల మేతలో ఈ పాళ్లు ముందే కూర్చబడియుండును; దానిపై చెంచాడు ఎముకల పొడి చల్లినను లెక్క తప్పవచ్చును.