ఆట వీడియోపై స్కోరు పలక

క్రికెట్ ఆటలో ఒక పరుగు విలువ ఎంతో బ్యాటు, బంతి చెప్పలేవు. గెలుపునకు ఎన్ని పరుగులు కావాలో, ఎన్ని బంతులు మిగిలాయో తెలిసినప్పుడే ఆ పరుగుకు అర్థం ఏర్పడుతుంది. ఆస్ట్రేలియాలో పిల్లల ఆటను ఫోనుతో చిత్రీకరించి, గుంటూరులోనో వరంగల్లులోనో ఉన్న తాతయ్యకు, అమ్మమ్మకు పంపే తెలుగు కుటుంబాలకు ఇది అనుభవంలోని విషయమే. స్కోరు లేని వీడియోలో మనవరాలు బంతిని కొట్టడం కనిపిస్తుంది గాని, ఆ దెబ్బతో జట్టు గట్టెక్కిందో లేదో తెలియదు.

స్కోరు పలకకు ఆస్ట్రేలియాలో ఘనమైన చరిత్ర ఉంది. అడిలైడ్ ఓవల్‌లో 1911లో నిర్మించిన పలకను నేటికీ మనుషులే చేతులతో నడుపుతున్నారు. మెల్‌బోర్న్ క్రికెట్ మైదానంలో 1982లో ఎలక్ట్రానిక్ తెర వెలసిన తరువాత, అక్కడి పాత పలక కాన్‌బెర్రాలోని మనుకా ఓవల్‌కు తరలిపోయింది. టెలివిజన్ తెర మూలన ఆట సాగినంతసేపూ స్కోరు నిలిపి ఉంచే పద్ధతికీ ఈ దేశంతో సంబంధం ఉంది. చానల్ నైన్‌లో క్రికెట్ ప్రసారాలను తీర్చిదిద్దిన ఆస్ట్రేలియన్ డేవిడ్ హిల్, 1992లో బ్రిటన్‌లో స్కై సంస్థ ఫుట్‌బాల్ ప్రసారాలలో దీనిని ప్రవేశపెట్టారు. 1994లో అమెరికాలో ఫాక్స్ ప్రసారాలకు తీసుకువెళ్ళారు.

ఆనాడు ఖరీదైన యంత్రాలు చేసిన పనిని నేడు ఇంటి కంప్యూటరు చేయగలదు. మెల్‌బోర్న్‌కు చెందిన బ్లాక్‌మ్యాజిక్ డిజైన్ సంస్థ రూపొందిస్తున్న డావించి రిజాల్వ్ ఉచిత రూపం అందుకు చాలు. దాని వెనుక ఉన్న సూత్రం సులభమైనదే. తెరపై ప్రతి చుక్కకూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు సంఖ్యలుంటాయి. పలక బొమ్మలోని చుక్కలకు నాలుగవ సంఖ్య కూడా ఉంటుంది. దానిని ఆల్ఫా అంటారు. ఆల్ఫా 1 అయితే పలక రంగు మాత్రమే, 0 అయితే వెనుకనున్న ఆట మాత్రమే కనిపిస్తాయి. 0.7 అయితే పలక రంగు 70 పాళ్ళు, ఆట రంగు 30 పాళ్ళు కలుస్తాయి. రెండు రంగు ద్రావణాలను కొలిచి కలపడం వంటిదే ఈ ప్రక్రియ. ఈ కలయికల గణితాన్ని థామస్ పోర్టర్, టామ్ డఫ్ 1984లో క్రమబద్ధం చేశారు. పీఎన్‌జీ రకపు బొమ్మ ఆల్ఫాను భద్రపరచగలదు. జేపీఈజీకి ఆ శక్తి లేదు. అందువల్ల రెండవ రకంతో చేసిన పలకకు గుండ్రని అంచులు దిద్దినా, మూలల్లో తెల్లని మచ్చలు మిగిలిపోతాయి.

అయితే అసలు కష్టం బొమ్మను అతికించడంలో లేదు, కాలాన్ని సరిపెట్టడంలో ఉంది. వీడియో ఒక గడియారాన్ని అనుసరిస్తుంది. స్కోరు పుస్తకం మరొక గడియారాన్ని అనుసరిస్తుంది. సెకనుకు 25 చిత్రాల లెక్కన గంటకు 90,000 చిత్రాలు. సెకనుకు 29.97 చిత్రాలున్న వీడియోను 30గా భావించి లెక్కిస్తే గంటకు సుమారు 3.6 సెకన్ల తేడా వస్తుంది. వెలుతురును బట్టి చిత్రాల వేగాన్ని మార్చే ఫోన్లూ ఉన్నాయి కనుక, ముందుగా వీడియోను స్థిరవేగానికి మార్చుకోవాలి. ఆట మొదలయ్యే ముందు స్కోరు రాసేవారి చేతి గడియారాన్ని ఒక్క క్షణం చిత్రీకరిస్తే, రెండు కాలాలకూ ఉమ్మడి ఆరంభబిందువు దొరుకుతుంది. ఆపై ప్రతి బంతికీ సమయం, పరుగులు, వికెట్లు, ఓవర్లు ఒక పట్టికలో రాసుకుంటే, పలక ఎప్పుడు మారాలో ఆ పట్టికే చెబుతుంది. బంతి పడకముందే అంకె మారితే ఉత్కంఠ పోతుంది. అంపైరు సంజ్ఞ తరువాత మారడమే న్యాయం.

అంకెలలోనూ రెండు చిక్కులున్నాయి. ఓవర్ల లెక్క దశాంశ పద్ధతిలో సాగదు, 12.5 తరువాత సరైన బంతి పడితే వచ్చేది 12.6 కాదు, 13. కంప్యూటరుకు ఈ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. రెండవది స్కోరు రాసే క్రమం. భారతదేశంలో 120/3 అని రాసేదానిని ఆస్ట్రేలియాలో 3/120 అని రాస్తారు. పెద్ద అంకెలతో చిక్కు లేదు గాని, ఆట ఆరంభంలో 4/5 అని కనిపిస్తే మెల్‌బోర్న్‌లోని మనవరాలికి అది 5 పరుగులకు 4 వికెట్లు. గుంటూరులోని తాతయ్యకు 4 పరుగులకు 5 వికెట్లు. కనుక పరుగులు, వికెట్లు అనే మాటలను పలకపైనే రాయడం మంచిది.

పలకను వీడియోలో శాశ్వతంగా కలిపివేసే ముందు దానిని వేరు పొరగానే ఉంచడం అన్నిటికంటే ముఖ్యం. ఒకసారి కలిసిన రంగులను విడదీయడం కలిసిన ద్రావణాలను విడదీయడం కంటే కష్టం. స్కోరు రాసే ఇద్దరూ తమ లెక్కలను తరచుగా సరిపోల్చుకోవాలని క్రికెట్ నియమాలు చెబుతున్నాయి. ఇంటి వీడియోకూ ఆ నియమం వర్తిస్తుంది. వీడియోలో ఇతరుల పిల్లలు కూడా ఉంటారు కాబట్టి, వారి పేర్లను పలకపై వేసేముందు తల్లిదండ్రుల అనుమతి తీసుకోవడమూ అవసరమే. స్కోరు లేని వీడియో అసంపూర్ణం మాత్రమే. తప్పు స్కోరున్న వీడియో అబద్ధపు సాక్ష్యం. పదేళ్ళ తరువాత స్కోరు పుస్తకం పోవచ్చు, వీడియో మిగలవచ్చు. అప్పుడు ఒక చిన్నారి చేసిన పరుగు ఆమె ఖాతాలో ఉందా, పక్కవారి ఖాతాలోకి వెళ్ళిందా అన్నది ఆ పలకే తేల్చాలి.